నోట్సులో కనపడని గుర్తు

ప్రశ్న: మాది తెనాలి. గ్రూప్-2 రాసే పిల్లల కోసం ఆర్థిక వ్యవస్థ నోట్స్ తయారుచేసి, అరవై మందికి వర్డ్ ఫైలు పంపాను. నెల తిరక్కుండానే నా పేరు తీసేసి ఎక్కడెక్కడో పంచుతున్నారు. ఎవరి ప్రతి బయటికి వెళ్లిందో తెలిసేలా రహస్య గుర్తు పెట్టొచ్చా?
- ఒక అధ్యాపకురాలు

జవాబు: పెట్టొచ్చమ్మా. డీటీపీలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. వంద పేజీల తెలుగు తప్పుల్లేకుండా కొట్టడంలో ఎంత శ్రమ ఉందో నాకు తెలుసు.

అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేత పద్ధతి యూనికోడ్. అందులో వెడల్పే లేని ఖాళీ ఒకటుంది, జీరో విడ్త్ స్పేస్. వర్డ్‌లో 200 పక్కన ఇంగ్లిష్ బి కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే పడుతుంది. కంటికి కనపడదు. ఫైల్లో ఆరు చోట్లు ఎంచుకోండి. ఒక్కో ప్రతిలో వాటిలో కొన్నిచోట్ల ఉంచి, కొన్నిచోట్ల వదిలేస్తే 64 రకాల ప్రతులు వస్తాయి. ఏది ఎవరిదో రాసిపెట్టుకోండి.

తెలుగుతో ఒక చిక్కుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ కూడా వాడమని ఇంగ్లిష్ సలహాల్లో ఉంటుంది. అది మనకొద్దు. 'బడ్జెట్‌లో' అని రాసినప్పుడు ల వెళ్లి ట కింద ఒత్తుగా చేరకుండా ఆపేది అదే. మీ నోట్సులో ఇప్పటికే బోలెడుచోట్ల ఉంటుంది, ఏది గుర్తో ఏది రాతో తేలదు. మీరు పెట్టే గుర్తు కూడా పదాల మధ్య ఖాళీ పక్కనే ఉండాలి. పదం నడుమ పెడితే ఒత్తులు విడిపోతాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టిన ఫైలైతే ముందు యూనికోడ్‌లోకి మార్చుకోండి.

ఫొటో తీసినా, తిరిగి టైపు చేసినా ఈ గుర్తు పోతుంది. అందుకే నేను ఎక్కువగా నమ్మేది మాటల తేడాని. ఒక ప్రతిలో 'పెరిగింది', మరో ప్రతిలో 'ఎక్కువైంది'. ఒకదాంట్లో 'అందువల్ల', ఇంకోదాంట్లో 'కాబట్టి'. ఇలాంటి జతలు ఆరు చాలు, ఫొటోలోనూ నిలుస్తాయి. ఒక్క అధ్యాయమే బయటికి రావచ్చు కనుక ప్రతి అధ్యాయంలోనూ ఆరేసి పెట్టండి. అంకెలు, సంవత్సరాలు మాత్రం మార్చొద్దు, వాటిని నమ్మి పరీక్ష రాసే పిల్లలు నష్టపోతారు.

గుర్తు దొరికిందని ఆ విద్యార్థి మీద వెంటనే నింద వేయకండి. ఫోను ఇంట్లో నలుగురి చేతుల్లో తిరుగుతుంది. పిలిచి అడగండి.

కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65బి సెక్షన్ ప్రకారం రచన పేరు, రచయిత పేరు లాంటి హక్కుల వివరాలను తెలిసి, అనుమతి లేకుండా తొలగిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ప్రతి ఎవరిదో పట్టించే గుర్తు మాత్రం ఆ వివరాల కిందికి రాదని చట్టంలోని నిర్వచనమే చెబుతోంది. కాబట్టి ప్రతి పేజీ అడుగున నోట్స్ పేరు, మీ పేరు అందరికీ కనపడేలా వేయండి.