ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేశాడు. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. విజయవాడలో ఒక సంస్థ వారు మూడు నెలల ప్రథమ చికిత్స డిప్లొమాకు ముప్పై వేల రూపాయలు అడుగుతున్నారు. అది పూర్తిచేస్తే 108లో గాని, ఆసుపత్రిలో గాని ఉద్యోగం ఖాయమంటున్నారు. చేర్పించవచ్చా?

జవాబు: ఆ ముప్పై వేలు ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచుకోండి. ప్రథమ చికిత్స నేర్చుకోవడం మీ అబ్బాయికి తప్పకుండా మేలు చేస్తుంది గాని, అదొక్కటే ఉద్యోగానికి అర్హత కాదు. 108 అంబులెన్సులో రోగి పక్కన ఉండే టెక్నీషియన్ పోస్టుకు సాధారణంగా డిగ్రీ, నర్సింగ్ వంటి చదువు అడిగి, ఎంపికైనవారికి విడిగా శిక్షణ ఇస్తారు. ఉద్యోగం ఖాయమన్న వారిని ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడిగి చూడండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

మరో చదువుకు తోడుగా ఉన్నప్పుడే ఈ శిక్షణకు విలువ. నూటయాభై మంది కార్మికులకు ఒకటి చొప్పున ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని, దాని బాధ్యత ప్రభుత్వం గుర్తించిన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉన్న వ్యక్తికే అప్పగించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. మర్చంట్ నేవీలో చేరేవారికి ఇచ్చే ప్రాథమిక భద్రతా శిక్షణలోనూ ఇదొక భాగం. నర్సింగ్‌లో చేరిన విద్యార్థికైతే మొదటి ఏడాది నుంచే ఇది చేతికి అందివస్తుంది.

ఇక్కడ చేతికి అన్న మాట తూకం వేసే అన్నాను. గుండె ఆగిన పెద్దవారికి ఛాతీ మధ్యలో ఐదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని, ముప్పై సార్లు నొక్కిన తరువాత రెండుసార్లు శ్వాస అందించాలని పుస్తకం చదివి ఎవరైనా చెప్పగలరు. కాని మనిషి ఆకారంలో ఉండే శిక్షణ బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కి చూసినప్పుడే చేతులు ఎంత త్వరగా అలిసిపోతాయో, తాను ఎంత పైపైన నొక్కుతున్నాడో నేర్చుకునేవాడికి తెలిసివస్తుంది. బొమ్మ లేకుండా ఉపన్యాసంతో సరిపెట్టే కోర్సుకు ఫీజు ఎంత తక్కువైనా దండగే.

మంచి శిక్షణ కొన్ని పాత అలవాట్లను మాన్పిస్తుంది కూడా. కాలినచోట టూత్‌పేస్టు, సిరా పూయడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. చేయవలసింది ఇరవై నిమిషాలపాటు పారే చల్లని నీటి కింద ఉంచడం. ఫిట్స్ వచ్చినవారి చేతిలో తాళాలు పెట్టకూడదు, నోట్లో ఏమీ కుక్కకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పాము కాటుకు గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం మూడూ హానికరమే. కాటు పడిన భాగాన్ని కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మిర్చి, పత్తి పండే మీ జిల్లాలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది పురుగుమందు ప్రమాదం సంగతి. పిచికారీ చేస్తూ సొమ్మసిల్లిన మనిషిని చేను నుంచి గాలి తగిలే చోటికి తెచ్చి, తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీటితో బాగా కడగాలి. ఆ పని చేసేవారు తమ చేతులకు మందు అంటకుండా జాగ్రత్తపడాలి. మందు మింగినవారికి ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడం మన పల్లెల్లో పెద్ద సహాయంగా భావిస్తారు గాని, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మందు డబ్బాను వెంట తీసుకెళితే, అందులో ఏముందో వైద్యులకు వెంటనే తెలుస్తుంది.

పోలీసు కేసు భయంతో రోడ్డు ప్రమాదాల్లో ఆగనివారు చాలామంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్, సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పించింది. ఈ విషయం కూడా శిక్షణలో చెప్పించాలి.

ఇక చేయవలసిన పని. ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ, సెయింట్ జాన్ అంబులెన్స్ ప్రథమ చికిత్స శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తాయి. రెడ్‌క్రాస్ జిల్లా శాఖలో తదుపరి తరగతి ఎప్పుడో కనుక్కోండి. సర్టిఫికెట్‌కు గడువు ఉంటుంది కనుక తేదీ చూసుకోండి. సర్టిఫికెట్ ఉంది కదా అని ఇంజెక్షన్ చేయడానికి గాని, మందులు రాయడానికి గాని అధికారం రాదని అబ్బాయికి ముందే చెప్పండి. అసలు చదువుగా బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీ కోర్సులను పరిశీలించండి. నర్సింగ్ అయితే నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, పారామెడికల్ అయితే రాష్ట్ర అలైడ్ అండ్ హెల్త్‌కేర్ కౌన్సిల్ (మునుపటి పారామెడికల్ బోర్డు) గుర్తింపు ఉన్నట్లు పత్రం చూసిన తరువాతే ఫీజు కట్టండి. ఆ విజయవాడ సంస్థనూ ఇదే పత్రం అడగండి.