79 ఏళ్ల నాన్నగారికి ఆక్సాలిప్లాటిన్ వద్దన్నారంటే

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు వద్దన్నంత మాత్రాన డాక్టర్ ఆశలు వదిలేసుకున్నారని కాకపోవచ్చు. మీరు చదివిన ట్రయల్‌లో (రోగుల మీద మందును పరీక్షించిన అధ్యయనంలో) మీ నాన్నగారి వయసువాళ్లు లేరు, చిక్కంతా అక్కడే.

నాన్నగారికి మూడో స్టేజ్ పెద్దపేగు క్యాన్సర్, సర్జరీ అయింది, వయసు 79 అని రాసి, ట్రయల్‌లో పనిచేసిన మందు ఆయనకెందుకు వద్దన్నారని అడిగారు. మీరు చూపించిన మొజాయిక్ ట్రయల్ (2004) సర్జరీ తర్వాత ఇచ్చే మామూలు కీమోకి ఆక్సాలిప్లాటిన్ కలిపి చూసింది. అందులో 2,246 మంది ఉన్నారు. 75 దాటినవాళ్లను మాత్రం తీసుకోలేదు.

1. అందరూ దాటేసేది ఇదే: ఫలితాల కన్నా ముందు "ఎవరిని చేర్చుకున్నారు" అన్న భాగం చదవండి. గరిష్ఠ వయసు ఎంత? కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లను పక్కన పెట్టారా? మంచం పట్టినవాళ్లు ఉన్నారా? సగటు వయసు చూసి సరిపెట్టుకోవద్దు. ట్రయల్‌లో చేరే పెద్దవాళ్లు మామూలుగా కాస్త గట్టి పిండాలే.

2. అదే ట్రయల్‌లో 70–75 మధ్యవాళ్లు 315 మంది. 2012లో వాళ్ల లెక్క విడిగా తీస్తే ఆక్సాలిప్లాటిన్ కలిపినందుకు స్పష్టమైన లాభం కనబడలేదు. గ్రూపు చిన్నది కాబట్టి అస్సలు పనిచేయదనీ అనలేం.

3. జీరియాట్రిక్ అసెస్‌మెంట్ (పెద్దవయసువాళ్ల ఒంటి, మనసు సత్తువను అంచనా వేసే పరీక్ష) చేయమని అడగండి. ముందుగా జి8 అనే చిన్న ప్రశ్నావళి ఉంటుంది: తిండి, బరువు, నడక, జ్ఞాపకం, రోజూ వేసుకునే మందులు. 17కి 14 లేదా తక్కువ వస్తే పూర్తి పరీక్ష అవసరం.

4. "కాపెసిటాబిన్ (కీమో మాత్రలు) ఒక్కటే ఇవ్వొచ్చా?" అని సూటిగా అడగండి. ఆక్సాలిప్లాటిన్‌తో వేళ్లు మొద్దుబారితే చొక్కా గుండీలు పెట్టుకోవడమే కష్టమవుతుంది, చెప్పు జారినా తెలియదు. ఆయన ఒంటరిగా ఉంటారా అన్నది కూడా డాక్టర్‌కి చెప్పండి.