కంప్యూటర్ సైన్సా, ప్రొడక్షన్ ఇంజనీరింగా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ పూర్తిచేసి జేఈఈ మెయిన్ రాసింది. వేసవిలో పలాసలోని మేనమామ గారి జీడిపప్పు కార్ఖానాలో గడిపి వచ్చినప్పటి నుంచి ప్రొడక్షన్ ఇంజనీరింగే చదువుతానంటోంది. కంప్యూటర్ సైన్స్ వదులుకుంటే చివరికి సూపర్‌వైజరుగా మిగిలిపోతుందేమోనని మా భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయాన్ని కొట్టిపారేయలేను. ఈ చదువు చదివినవారి తొలి ఉద్యోగం తరచుగా షిఫ్టులతోనే మొదలవుతుంది. తొలి జీతం పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చేదాని కంటే తక్కువగా ఉండవచ్చు. కానీ చెప్పిన పని చేయించడం వేరు, ఆ పని ఎక్కడ ఆగుతోందో, ఎందుకు చెడుతోందో కనిపెట్టడం వేరు. ఈ శాస్త్రం నేర్పేది రెండవది.

అమ్మాయి చూసి వచ్చిన కార్ఖానానే తీసుకుందాం. జీడిపిక్కలను ఆవిరిలో ఉడికించి, పగలగొట్టి, పప్పును బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టి, పొట్టు తీసి, సైజుల వారీగా వేరు చేస్తారు. పిక్కలు పగలగొట్టే చోట రోజుకు 500 కిలోల పప్పు వస్తుండగా, పొట్టు తీసే చోట 300 కిలోలే తెమలుతోందనుకుందాం. అప్పుడు యజమాని అప్పు చేసి పిక్కలు పగలగొట్టే యంత్రం ఇంకొకటి కొన్నా, పొట్టు తీయని పప్పు గుట్ట పెరగడమే తప్ప లారీకెక్కే సరుకు ఒక్క కిలో కూడా పెరగదు. ఇది వినడానికి తేలికగానే ఉంటుంది గాని, అనుభవజ్ఞులైన యజమానులు కూడా ఇక్కడే బోల్తా పడతారు.

నాణ్యత సంగతీ అంతే. డబ్ల్యూ-320 రకమంటే ఒక పౌనుకు, అనగా దాదాపు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు, అనగా విరగని నిండు పప్పులు, తూగే రకం. గుండు విరిగి బద్దో ముక్కో అయితే ధర పడిపోతుంది. విరిగిన పప్పు ఎక్కువైన రోజున పొట్టు తీసే ఆడవాళ్ళను కసురుకోవడం మామూలు. నిజానికి బోర్మాలో మరీ ఎక్కువగా ఎండిన పప్పు పెళుసెక్కి విరుగుతుంది, చాలినంత ఎండకపోతే పొట్టు ఊడదు. ఏ పూట, ఏ ట్రేలో ఎంత విరిగిందో రాసిపెట్టుకుంటే తప్పు చేతులదో వేడిదో తేలిపోతుంది. రోజూ ఉండే మామూలు హెచ్చుతగ్గులను ప్రత్యేక కారణం వల్ల వచ్చిన తేడా నుంచి విడదీసి చూపే కంట్రోల్ చార్టును అమెరికాలో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు 1924లో రూపొందించారు. ఫ్యాక్టరీలలో ఇప్పటికీ దానినే వాడుతున్నారు. ఆసుపత్రి ఓపీలో రోగులు ఎంతసేపు వేచి ఉంటున్నారన్న లెక్కకూ అది పనికొస్తుంది.

ఇక కొత్త సరుకు తయారీలో రుచి ఒక భాగం మాత్రమే. మిరియాల జీడిపప్పు చిన్న ప్యాకెట్లలో అమ్మాలంటే అది ఎన్నాళ్ళు కరకరలాడుతుంది, ఏ కవరైతే చెమ్మ పట్టదు, ఎన్ని ప్యాకెట్లకు ఆర్డరు వస్తే గిట్టుబాటవుతుంది అన్నవి ముందుగా తేల్చుకోవాలి.

చదువు విషయానికి వస్తే, ఒడిశాలోని రాష్ట్ర కళాశాలల్లో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి రాష్ట్ర ప్రవేశాల సంస్థ ఓజేఈఈ కౌన్సెలింగ్‌లో, ఎన్ఐటీ సీట్లు జోసా అనే జాతీయ స్థాయి కౌన్సెలింగ్‌లో ఇస్తారు. ప్రొడక్షన్ బ్రాంచి కొద్ది చోట్లే ఉంటుంది కాబట్టి, నన్నడిగితే మెకానికల్ కూడా పెట్టుకోవడం మంచిది. దామన్‌జోడిలో నాల్కో వారి అల్యూమినా కర్మాగారం, సునాబేడలో హెచ్ఏఎల్ వారి విమాన ఇంజన్ల కర్మాగారం, రాయగడ కాగితపు మిల్లు వంటివన్నీ మీ దక్షిణ ఒడిశాలోనివే. తరువాత క్యాట్ ప్రవేశ పరీక్ష రాసి ఆపరేషన్స్‌లో, అనగా ఉత్పత్తి నిర్వహణలో, ఎంబీఏ చేయవచ్చు. 2023 వరకు నీటీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్)గా ఉన్న నేటి ఐఐఎం ముంబైకి ఈ రంగంలో పాత పేరుంది. ప్రోగ్రామింగ్ మాత్రం ఏ బ్రాంచిలో చేరినా నేర్చుకోవలసిందే, కాబట్టి కంప్యూటర్ పూర్తిగా వదులుకున్నట్టు కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్ల సవర గిరిజన కూలీలతో వాళ్ళ భాషలో నాలుగు మాటలు కలపగలిగితే, అది ఏ డిగ్రీలోనూ దొరకని సత్తా.

ఛాయిస్‌లు నింపే ముందు అమ్మాయిని మరో పది రోజులు పలాస పంపండి. ఈసారి చుట్టపుచూపుగా కాదు; చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, పొట్టు తీసే దగ్గర గంట గంటకూ ఎంత పప్పు పేరుకుందో, ఎంత విరిగిందో రాయమనండి. నాలుగో రోజుకే విసుగొచ్చి పుస్తకం మూసేస్తే కంప్యూటర్ సైన్స్ మొదటి ఛాయిస్‌గా పెట్టించండి. పదో రోజున కూడా బోర్మా దగ్గర నిలబడి మేనమామను ప్రశ్నలతో వేధిస్తుంటే ప్రొడక్షన్, ఆ తరువాత మెకానికల్, అటుపైన కంప్యూటర్ సైన్స్ వరుసలో పెట్టించండి.