ప్రకాశం పంతులు ప్రధానమంత్రా, ముఖ్యమంత్రా?

సందేహం: ఒక పాత పుస్తకంలో ‘మద్రాసు ప్రధానమంత్రి ప్రకాశం పంతులు’ అని ఉంది. ముఖ్యమంత్రి అని ఉండాలి కదా? అచ్చుతప్పా? అసలు ఈ రెండు మాటలకూ తేడా ఏమిటి?

సమాధానం: అచ్చుతప్పు కాదండీ. దయచేసి ఆ మాట కొట్టేసి పైన ‘ముఖ్య’ అని దిద్దకండి.

1937లో రాజాజీ, 1946 ఏప్రిల్‌లో ప్రకాశం గారు మద్రాసులో మంత్రివర్గాలు ఏర్పాటు చేశారు. ఆ మంత్రివర్గ నాయకుణ్ణి అప్పట్లో ప్రీమియర్ అనీ, ప్రైమ్ మినిస్టర్ అనీ అనేవారు. తెలుగులో అదే ప్రధానమంత్రి. ఢిల్లీలో ఇంకా ఆ పదవే లేదు కాబట్టి ఎవరికీ తికమక లేదు. ప్రకాశం గారు 1947 మార్చిలో దిగిపోయారు, నెహ్రూ ప్రధాని అయింది ఆగస్టు 15న! 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చాక దేశానికి ప్రధానమంత్రి, రాష్ట్రానికి ముఖ్యమంత్రి అని స్థిరపడింది. అందుకే 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అదే ప్రకాశం గారు ముఖ్యమంత్రి అయ్యారు. జమ్మూ కశ్మీర్‌లో మాత్రం 1965 దాకా ప్రధానమంత్రే ఉన్నారు.

మాటల అర్థంలో తేడా వెతకనక్కర్లేదు. ముఖం నుంచి వచ్చింది ముఖ్యం, ముందు ఉంచినది ప్రధానం. ‘ముఖ్య విషయం’ అన్నా ‘ప్రధాన విషయం’ అన్నా మనకు ఒకటే. పదవుల దగ్గరే చట్టం గీత గీసింది.

‘ప్రధాని’ అనేది పత్రికలవాళ్లు చోటు కోసం కుదించిన మాట అనుకుంటారు చాలామంది. కాదు, అది చాలా పాతది. కృష్ణదేవరాయల మంత్రి తిమ్మరుసు మహాప్రధాని. మరాఠీవాళ్లు ప్రధానమంత్రిని ఇప్పటికీ పంతప్రధాన్ అంటారు.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్పాలి. ఈ పదవుల పేర్లు కలిపే రాయండి. ‘ముఖ్యమంత్రులు వచ్చారు’ అంటే వేర్వేరు రాష్ట్రాల సీఎంలు. ‘ముఖ్య మంత్రులు వచ్చారు’ అని విడదీస్తే, పెద్ద శాఖలున్న మంత్రులేమో అనిపిస్తుంది.

మీరు వ్యాసం రాస్తుంటే 1946 నాటి ప్రకాశం గారిని ‘అప్పటి మద్రాసు ప్రధానమంత్రి’ అనే రాయండి. 1953కి వచ్చేసరికి ముఖ్యమంత్రి అనండి.