రంగుల డబ్బాలు అమ్మకండి చెల్లెమ్మా

చెల్లెమ్మా, మీరు అడిగింది రెండుసార్లు చదివాను. గుళ్లకి రంగులు వేసే మీ ఆయన గజపతినగరం దగ్గర పరంజా మీంచి పడి ఏడు నెలలైందని, నడుం కింద కదలిక లేదని, పిల్లల్ని దగ్గరకి రానివ్వడం లేదని రాశారు. కుంచెలు, రంగుల డబ్బాలు అన్నీ అమ్మేయమంటున్నారని, అమ్మాలా వద్దా అని అడిగారు. అమ్మకండి.

నాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఇంటిమీద రేకులు లేచిపోతే వాటిని సర్దడానికి ఎక్కి జారిపడ్డాను, డి12 దగ్గర (వీపు పూసల్ని పైనుంచి లెక్కపెడితే పన్నెండోది) వెన్నుపూస విరిగింది. అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్లు, పాపకి ఆరేళ్లు, మగ్గం మీద ఖద్దరు నేసేవాణ్ని. డబ్బాల సంగతి చివర్లో చెప్తాను, దానికంటే ముందు చెప్పాల్సినవి ఉన్నాయి.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "ధైర్యంగా ఉండు" అని చెప్పి వెళ్లిపోయేవారు. ఏడాదిపాటు నాకు మూత్రం గొట్టం, సంచీ ఉండేవి, నెలకోసారి చలిజ్వరం వచ్చేది, మంచం దగ్గర వాసన. పాప గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. దానికి నేనంటే భయమని అనుకున్నాను గానీ అది ఆ సంచీని చూసి ఆగిపోతోందని చాలా రోజులకి గానీ తెలియలేదు. ఆపరేషన్ చేసినచోట ఎవరూ చెప్పలేదు, తమిళనాడులో వెల్లూరు సీఎంసీ ఆస్పత్రికి వెళ్లాక చెప్పారు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి గొట్టం మనమే పెట్టుకుని మూత్రం తీసేసి, మళ్లీ గొట్టం బయటికి తీసేయవచ్చు, చేతులు బాగా పనిచేసేవాళ్లకి అది నేర్చుకుంటే వస్తుంది. నాకు నేర్చుకోవడానికి వారం పట్టింది. సంచీ పోయింది, జ్వరాలు బాగా తగ్గాయి. విరేచనానికి కూడా రోజూ ఒకే టైము అలవాటు చేశారు. మీ ఆయనకి ఇది నేర్పించారో లేదో మీరు రాయలేదు, మొదట అది అడగండి.

వెల్లూరు వెళ్లాలంటే కాట్పాడిలో దిగాలి. రిహాబ్, అంటే ఇలా దెబ్బ తిన్నవాళ్లకి మళ్లీ పనులు చేసుకోవడం నేర్పే విభాగం, ఊరికి కాస్త పక్కన బాగాయంలో ఉంటుంది. దాన్ని 1966లో మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ కూడా 1954లో కారు ప్రమాదంలో నడుం కింద చచ్చుబడిన మనిషే, చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. అది విన్నరోజు నాకు ధైర్యమేమీ రాలేదు, నిజం చెప్తున్నాను, ఆమె డాక్టరు, నేను నేతగాణ్ని, ఎక్కడికెక్కడ పోలిక అనుకున్నాను. ఆమె గుర్తొచ్చింది చాలా తర్వాత, రాట్నం ఎత్తు నా కుర్చీకి సరిచేయిస్తున్నప్పుడు. ఆమె కుర్చీకి తగ్గట్టు ఆపరేషన్ బల్లని కూడా ఎవరో ఒకరు సరిచేసే ఉంటారు కదా.

తర్వాత చర్మం. స్పర్శ లేదు కాబట్టి పుండు పడినా తెలీదు. రాత్రి రెండు గంటలకోసారి పక్క మార్చాలి, కుర్చీలో ఉంటే పావుగంటకో ఇరవై నిమిషాలకో చేతులమీద ఒళ్లు పైకి లేపాలి, రోజూ అద్దం పెట్టుకుని వెనక చూసుకోవాలి. ఇంకొకటి, దెబ్బ ఏ పూస దగ్గరో రిపోర్టులో చూడండి. డి6 గానీ ఆ పైన గానీ అయితే, హఠాత్తుగా తల పగిలిపోయేంత నొప్పి, ముఖం చెమటలు వస్తే వెంటనే లేపి కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, మూత్రం ఆగిందేమో చూసి, తగ్గకపోతే ఆస్పత్రికి పరిగెత్తాలి, బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఇప్పుడు పిల్లల సంగతి. నాకు మళ్లీ తండ్రినన్న భావం ఒక జడ వల్ల వచ్చింది. మా ఆవిడ పొద్దున్నే నీళ్లకి వెళ్లాలి, వంట చెయ్యాలి, నన్ను చూడాలి, పాప బడికి రోజూ ఆలస్యమే. ఒకరోజు విసుగొచ్చి దువ్వెన నా ఒళ్లో పడేసి "ఇది నువ్వు చూడు" అంది. నాకు జడ వెయ్యడం రాదు, అయినా పోగులు పట్టిన చేతులు కదా, నాలుగు రోజుల్లో వచ్చేసింది. మూడు నెలల తర్వాత నాకు జ్వరమొస్తే వాళ్లమ్మ వెయ్యబోయింది. పాప ఒప్పుకోలేదు, "నాన్నేస్తేనే గట్టిగా ఉంటాది" అంది. అటు తిరిగి పడుకుని ఏడ్చాను.

అందుకే చెప్తున్నాను, బావగారిని ఊరడించడానికి పని ఇవ్వకండి, కనిపెట్టేస్తారు. నిజంగా ఆయన చెయ్యకపోతే ఆగిపోయే పని ఒకటి చూడండి, చిన్నదైనా సరే.

మగ్గం విషయంలో నేనూ మీ ఆయనలాగే చేశాను. గుంటలో కూర్చుని కాలితో చెక్కలు తొక్కితేనే పడుగు (నిలువు పోగులు) విడుతుంది, అప్పుడే అడ్డపోగు తీసుకెళ్లే నాడె వెళ్తుంది. కాళ్లు లేని నేత లేదు. చూడలేక ఆ గది తలుపు వేయించాను, కట్టెలకి అమ్మేయమన్నాను. మా అమ్మ అమ్మనివ్వలేదు. మా దగ్గర వడకడం ఆడవాళ్ల పని. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకి, ఏకులు చుట్టి ఎండిన అరటి డొప్పలో పెట్టుకుని, ఇరవై నాలుగు ఆకుల రాట్నం మీద వంద కౌంటు దాకా సన్నటి నూలు తీస్తారు. అమ్మకి చూపు తగ్గి, పోగు తెగితే అతకడం కష్టమైపోయింది. ఒకనాడు రాట్నం నా పక్కకి లాగి "కాళ్లు పోనాయి గానీ సేతులున్నాయి కదేటి, ఈ పోగు అతుకు" అంది. అతికాను. అలా రోజుకి పదిసార్లు పిలిచేది, చివరికి వడకడం నేనే మొదలుపెట్టాను.

ఇక్కడే నేను చేసిన తప్పు చెప్పాలి. రాట్నం నేలమీద ఉంటుంది కాబట్టి నేనూ గోనెపట్టా పరుచుకుని నేలమీదే కూర్చున్నాను, నూలు బాగా వస్తుంటే గంటలు తెలిసేవి కావు. మూడు వారాలకి ముడ్డిపూస దగ్గర పుండు పడింది, అది మానడానికి ఐదు నెలలు బోర్లా పడుకున్నాను. తర్వాత వడ్రంగి చేత కుర్చీ ఎత్తుకి బల్ల చేయించి రాట్నం దానిమీదకి ఎక్కించాం, కింద మంచి కుషన్ వేసుకున్నాం. మా పాపే కాపలా, "నాన్నా, లేపు" అని కేకేసేది, నేను ఒళ్లు లేపేవాణ్ని. బావగారు బొమ్మ వెయ్యడంలో పడితే ఇదే జరుగుతుంది, ఇప్పుడే చెప్పి ఉంచండి.

మా ఆవిడ నేత నేర్చుకుంది. నేను మగ్గం పక్కన కుర్చీలో ఉండి ఏ కాలు ఎప్పుడు తొక్కాలో చెప్పేవాణ్ని, అంచు వంకరపోతే ఇద్దరం గొడవపడేవాళ్లం. అంతకుముందు రెండేళ్లు మా మధ్య మందులు, పక్కబట్టలు తప్ప మాటే లేదు. మీరు ఇరవై నాలుగు గంటలూ నర్సులా ఉండకండి, స్నానం చేయించడానికి వారంలో రెండు రోజులు మీ మరిదిని పిలవండి. భార్యాభర్తల సంబంధం అయిపోయిందని కూడా మీరే నిర్ణయించేసుకోవద్దు, దానికీ వైద్యం ఉంది, రిహాబ్ డాక్టర్ని సిగ్గుపడకుండా అడగండి.

డబ్బు టెన్షన్ గురించి రాశారు. సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చే కాగితం, తీసుకోండి. 2024 జులై నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను నెలకి 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి 15,000. మీ ఊరి సచివాలయంలో కాగితాలు పెట్టండి.

ఇక డబ్బాలు. ఆయన కళ్లముందు పెట్టి "వెయ్యండి" అనకండి, అలాగని అమ్మనూ అమ్మకండి. మీ మరిదే ఇప్పుడు ఆ గుళ్ల పనులు చూస్తున్నాడని రాశారు కదా, అతనికి నిజంగా సందేహం వచ్చినప్పుడు, ద్వారపాలకుడి ఒంటికి ఏ నీలం, ఎంత తెలుపు కలపాలో తెలియనప్పుడు, ఫోటో తీసుకుని అన్నగారి దగ్గరకే రమ్మనండి. తిట్టినా సరే అడగమనండి. చవితికి మట్టి వినాయకులు వస్తాయి, అవి బల్లమీదే పెట్టుకోవచ్చు, కళ్లు దిద్దడం ఎవరికి పడితే వాళ్లకి రాదు కదా.

అంతవరకూ ఎనామిల్ డబ్బాల మూతలు గట్టిగా బిగించి నీడలో పెట్టండి, గాలి తగిలితే మీగడ కడుతుంది. కుంచెలు కిరసనాయిల్‌తో కడిగి, వెంట్రుకలు వంగకుండా కట్టి ఉంచండి.