చేరిందట, అందలేదట

అమ్మాయీ,

రాత్రి ఫోనులో నువ్వు అన్నీ ఒక్క గుక్కలో చెప్పావు. నువ్వు అమ్మిన కొండపల్లి దశావతారాల బొమ్మల సెట్టు, 3,800 రూపాయలు, కొన్న చెన్నై మైలాపూరు ఆవిడ, ‘అందజేశాం’ అంటున్న స్పీడ్ పోస్ట్ ట్రాకింగ్, ‘మా గుమ్మం తొక్కలేదు’ అంటున్న ఆవిడ. మధ్యమధ్య ఏడుపు. రాసి పంపుతానన్నది అందుకే. ఇవన్నీ ఫోనులో చెబితే ఒక చెవిన పడి ఇంకో చెవినుంచి పోతాయి. కాగితం మీద ఉంటే వచ్చే దసరాకూ పనికొస్తాయి.

బెంగళూరు రాజాజీనగర్‌లో మా ముందు గదిలో బీరువా పెట్టుకుని మంగళగిరి, వెంకటగిరి చీరలు అమ్మడం మొదలుపెట్టి 11 ఏళ్లయింది. ‘రాలేదు’ అని వచ్చిన ప్రతి ఫిర్యాదూ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను. ఇప్పటికి 23. అందులో ఎప్పటికీ జాడ తెలియనివి నాలుగే. మిగతావి దాదాపు అన్నీ ఎక్కడో ఒకచోట తీరుబడిగా కూర్చుని ఉన్నాయి. అపార్ట్‌మెంటు కాపలాదారు బల్ల కింద, ఎదురింటి వాళ్ల చెప్పుల స్టాండు మీద, ఊరెళ్లిన మనిషి కోసం పోస్టాఫీసు అరలో, ఒకటైతే కొన్నావిడ అత్తగారి ట్రంకుపెట్టెలో. కాబట్టి పోయిందని అప్పుడే అనకు. కనబడటం లేదను.

ఆవిడకు నువ్వు పంపిన సందేశం నాకూ పంపావు. ‘నేను పంపేశాను, రసీదు ఇదిగో, ఇక మీరు పోస్టాఫీసునే అడగాలి.’ చదివి నాకు ఒళ్లు మండింది. డబ్బు తీసుకున్నది నువ్వా, పోస్టాఫీసా? బుక్ చేసింది నువ్వు, అసలు రసీదు ఉన్నది నీ దగ్గర. ఆవిడ కౌంటరు దగ్గరికి వెళితే ‘పంపినవాళ్లను రమ్మనండి’ అని తిప్పి పంపుతారు. వెతకాల్సింది మనమే.

ఇలాంటి వాక్యం నేనూ ఒకసారి రాశాను, ఇంతకన్నా ఘాటుగా. అమ్మకం మొదలుపెట్టిన రెండో ఏడు. జయనగర్‌లో ఒక టీచరమ్మ వెంకటగిరి చీర కొన్నది. సిటీ బస్సులో గంట దూరం. వారం గడిచాక రాలేదంది. పది రోజులకు మళ్లీ అడిగింది. నేను ‘మీలాంటి వాళ్లను చాలామందిని చూశాను’ అని రాశాను. నిజానికి అప్పటికి చూసింది ఇద్దరిని. ఇరవయ్యారో రోజున ఆ చీర తిరిగి నా గుమ్మంలోకే వచ్చింది. బెంగళూరు పిన్‌కోడ్లు 560తో మొదలవుతాయి కదా, నేను 506 అని రాశాను. 506 అంటే వరంగల్ వైపు. రెండు అంకెలు తారుమారయ్యేసరికి పక్క పేటకు వెళ్లాల్సిన చీర ఓరుగల్లు యాత్ర చేసి వచ్చింది. పోనీ, తెలుసుకునే దారి లేదా అంటే, రసీదు మీద పిన్‌కోడు, చేరాల్సిన పోస్టాఫీసు పేరు అచ్చయి ఉన్నాయి. 26 రోజులూ ఆ రసీదు నా పర్సులోనే ఉంది. క్షమాపణ చెప్పడానికి చీర తీసుకుని జయనగర్ వెళ్లాను. ఆవిడ లోపలికి రమ్మంది, మంచినీళ్లిచ్చింది, చీర మాత్రం తీసుకోలేదు. ఇంట్లో పెళ్లికని కొన్నదట. పెళ్లి అయిపోయింది.

ఇప్పుడు నీ సంగతి. ఈ ఉత్తరం పూర్తిగా చదవకముందే ఆవిడకు ఇలా రాయి: ‘బొమ్మలు మీకు అందలేదని ఇప్పుడే గ్రహించాను. వెతికే బాధ్యత నాది. ఈ రోజే ఫిర్యాదు చేస్తున్నాను. ఏం తెలిసిందో ఎల్లుండి సాయంత్రంలోగా చెబుతాను. ఈలోగా మీ ఇంట్లోవారినీ కాపలాదారునూ ఒకసారి అడిగి చూడగలరా?’ అంతే. మీరు అబద్ధమాడుతున్నారన్న ధ్వని రాకూడదు, అలాగని తప్పంతా నాదేనని ముందే నెత్తిన వేసుకోనూ వద్దు. ఎల్లుండి అన్నావు కాబట్టి ఎల్లుండి మాట్లాడాలి, ఏమీ తెలియకపోయినా సరే. నేను తిన్న తిట్లలో సగం ఫోను ఎత్తనందుకే.

ఆ తరవాత ట్రాకింగ్. నువ్వు చివరి వరుస ఒక్కటే చూసి గుండెలు బాదుకున్నావు. మొదటినుంచీ చదువు. ఎక్కడ సంచిలో వేశారు, ఎక్కడ దింపారు, ఏ పోస్టాఫీసు నుంచి పంపిణీకి తీశారు అన్నీ వరసగా ఉంటాయి. ‘అందజేశాం’ పక్కన ఉన్న పోస్టాఫీసు ఆవిడ పేటది కాకపోతే చిక్కుముడి అక్కడే ఉన్నట్టు. ఆవిడ పేటదే అయితే ఆ వీధికి వెళ్లే పోస్ట్‌మన్‌కు ఇంకా గుర్తుంటుంది. పది రోజులు పోతే గుర్తుండదు. మెట్ల దగ్గరి కెమెరాలో పడిన దృశ్యం కూడా అంతే, కొన్నాళ్లకు పాతది చెరిపి కొత్తది ఎక్కుతుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను. 1986లో మొదలైన స్పీడ్ పోస్ట్ చిరునామాను బట్టి చేరవేసే సేవ. ఆ ఇంట్లో ఎవరు సంతకం పెట్టినా ఇచ్చేయవచ్చు. పేరున్న మనిషి చేతికే ఇవ్వాలన్న పట్టింపు రిజిస్టర్డ్ పోస్టుది. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఇప్పుడు ఆ పట్టింపు కావాలంటే కౌంటరులో ‘రిజిస్ట్రేషన్’ అని అడిగి చేయించుకోవాలి. ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతి కూడా పెట్టారు. ఒక్కోదానికి 5 రూపాయలు, దానిపైన జీఎస్టీ. 3,800 రూపాయల సరుకుకు నువ్వు ఆ 5 రూపాయలు పెట్టలేదు. తిట్టడం లేదు, లెక్క చెబుతున్నాను.

ఫిర్యాదు తపాలా శాఖ వెబ్‌సైటులో పెట్టు, లేదా 1800 266 6868కు ఫోను చెయ్యి. ఫిర్యాదు నంబరు రాసుకో. ‘నా పార్శిల్ ఏమైంది’ అని మాత్రం అడగకు. ‘అందజేశాం’ అని మళ్లీ అదే జవాబు వచ్చి ఫిర్యాదు మూసుకుపోతుంది. ‘తీసుకున్నవారి సంతకం ఉన్న కాగితం నకలు ఇవ్వండి’ అని అడుగు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. తపాలా శాఖ ప్రభుత్వానిది కాబట్టి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ 10 రూపాయల పోస్టల్ ఆర్డరు మళ్లీ పోస్టాఫీసులోనే కొనాలి, అది వేరే సంగతి. పైన చెప్పిన ట్రంకుపెట్టె అలా బయటపడిందే. నకలు మీద ఉన్నది అత్తగారి సంతకం. కోడలు పగటిపూట ఆఫీసులో ఉంటే పెద్దావిడ తీసుకుని భద్రంగా దాచిపెట్టి, మరీ భద్రంగా మరిచిపోయింది. ప్రైవేటు కొరియర్ల దగ్గర మాత్రం ఈ అస్త్రం పనిచేయదు.

పరిహారం మీద ఆశ పెట్టుకోకు. స్పీడ్ పోస్ట్ పోతే ఇచ్చేది మనం కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1,000 రూపాయలు, రెండింటిలో ఏది తక్కువైతే అది. సరుకు విలువతో దానికి పని లేదు. పోయిన సరుకుకు శాఖ జవాబుదారీ కాదని 1898 నాటి పోస్టాఫీసు చట్టం అంది. 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ గోడను పడగొట్టలేదు. కొరియర్ల సంగతి చూస్తే రసీదు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో పరిమితి ఉంటుంది. సంతకం పెట్టిన కాగితం మీది పరిమితికి కట్టుబడాల్సిందేనని 1996లో ఒక కొరియర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఖరీదైన సరుకుకు విలువ రాయించి బీమా చేయించు. ఆ ఖర్చు ధరలో కలుపు, దాచకుండా చెప్పు. నేను 2,000 దాటిన ప్రతి చీరకూ చేయిస్తాను.

‘పోస్టులో వేస్తే మన పని అయిపోయినట్టే’ అని మీ ఆయన అన్నాడట. అబ్బాయి ఊరికే అనలేదు. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 39వ సెక్షనులో అలాంటి మాట ఉంది. చేరవేసేవాడికి అప్పగిస్తే కొన్నవాడికి అప్పగించినట్టేనని మొదట అనుకోవాలంటుంది. కానీ దాని కిందే ఇంకో భాగం ఉంది. సరుకు ఎలాంటిదో చూసి తగిన జాగ్రత్తతో పంపకపోతే, ఆ అప్పగింతను కొన్నవాడు ఒప్పుకోనక్కరలేదు. రిజిస్ట్రేషన్ లేదు, ఓటీపీ లేదు, బీమా లేదు, మరి ఏ జాగ్రత్త తీసుకున్నావని అడిగితే ఏం చెబుతావు? పైగా ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటి చేరిన సరుకును వెనక్కి తీసుకోను, డబ్బు తిరిగి ఇవ్వను అనడం కుదరదు. నవరాత్రులకు ముందే చేరుతుందని నువ్వు ప్రకటనలో రాశావు. నేను చూశాను.

కోస్తా వైపు చాలా ఇళ్లలో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. అటువైపు వాళ్లయితే పోనీలే, సంక్రాంతికి పనికొస్తాయి అని సర్దుకునేవారు. ఆవిడకు నవరాత్రులే కొలువు. పదో రోజున వచ్చిన మత్స్యావతారం ఆవిడకు కర్రముక్క. నవరాత్రులకు ఇంకా ఆరు రోజులుంది. నీ దగ్గర ఇంకో సెట్టు ఉందన్నావు. ఎల్లుండి లోపల మొదటిది దొరకకపోతే రెండోది రాత్రి బస్సు పార్శిల్‌లో పంపు, తెల్లారేసరికి చెన్నైలో ఉంటుంది. తరవాత మొదటిది దొరికితే నీ ఖర్చుతో తిరిగి పంపమని ముందే రాసుకో. రెండో సెట్టు వద్దంటే డబ్బు మొత్తం వాపసు ఇచ్చేయి, చార్జీలు పట్టుకోకు. ఆ మీదట పోస్టాఫీసుతో నీ పోరు ఎన్నాళ్లయినా సాగనీ, ఆవిడను అందులోకి లాగకు. ఆవిడ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో వివాదం వేయవచ్చు, 1915కు ఫోను చేసి వినియోగదారుల సహాయ కేంద్రంలో చెప్పుకోవచ్చు. అక్కడ అందరూ నిన్ను అడిగేది అందజేసిన రుజువే, అది నీ చేతిలో లేదు.

మోసగాళ్లు ఉండరా అన్నావు. ఉంటారు. నా 23లో ఒకరు. పెట్టె ఖాళీగా వచ్చిందన్నారు. బుకింగ్ రసీదు మీద బరువు ఉంటుంది కదా, 740 గ్రాములు. ఖాళీ పెట్టె అంత తూగదు. ఆ మాట మర్యాదగా చెప్పాను, మళ్లీ ఫోను రాలేదు. నీ బొమ్మలకు ఈ ఉపాయం కొంచెం కష్టం. వాటిని చేసే తెల్ల పొణికి చెక్క దూదిలా తేలిక. పెట్టె ఒట్టిగా ఒకసారి, బొమ్మలు సర్దాక ఒకసారి తూచి, కాటా కనబడేలా ఫోటో తీసి పెట్టుకో. ఒక్కరి కోసం మిగతా 22 మందినీ దొంగల్లా చూస్తే వ్యాపారం మూసుకోవాలి.

అసలు జాగ్రత్త అంతా బుకింగ్ రోజునే. ఈ ఊరి చిరునామాలతో మరీ. నాలుగో బ్లాక్ రాజాజీనగర్‌లో ఉంది, జయనగర్‌లో ఉంది, కోరమంగలలోనూ ఉంది. ప్రతి లేఅవుట్‌కూ తన మూడో మెయిన్, తన ఐదో క్రాస్ ఉంటాయి. ‘5వ క్రాస్, 3వ మెయిన్’ అని రాసి పేట పేరు మరిచిపోతే పోస్ట్‌మన్ జోస్యం చెప్పాలా? కొన్నవాళ్లు పంపిన చిరునామాను నువ్వు తిరిగి టైపు చేసి పంపి, వాళ్ల చేత ‘సరే’ అనిపించుకో. దగ్గరి గుడో బడో ఒక గుర్తు అడుగు. ఫోను నంబరు పెద్దగా రాయి. వానకు చెదిరే సిరా వాడకు. పెట్టె లోపల కూడా రెండు చిరునామాలూ రాసిన చీటీ ఒకటి వెయ్యి. పై కాగితం చిరిగిపోయి ఎవరిదో తెలియని పార్శిల్ రిటర్న్డ్ లెటర్ ఆఫీసుకు వెళుతుంది, అక్కడ విప్పి చూసేవారికి ఆ చీటీయే దారి చూపాలి. మూట కట్టాక నాలుగు వైపులా ఫోటో. కౌంటరు దగ్గరినుంచి కదలకముందే రసీదు మీద పిన్‌కోడు బయటికి చదువు. నేను ఇప్పటికీ గట్టిగానే చదువుతాను, కౌంటరులో కుర్రాడు నవ్వుకుంటాడు. నవ్వుకోనీ.

రసీదులన్నీ ఆదివారం పట్టుకురా, నెలలవారీగా సర్ది ఇస్తాను. ఎండబెట్టిన దొండకాయ వరుగులు కూడా ఉన్నాయి, తీసుకెళుదువు.

రాజాజీనగర్ అత్తయ్య

మరిచాను. చెన్నైలో చాలా ఇళ్లకు రెండు నంబర్లుంటాయి, పాతదొకటి, కొత్తదొకటి. పాత 27 ఒక ఇల్లు, కొత్త 27 అదే వీధిలో నాలుగు గుమ్మాల అవతల ఇంకో ఇల్లు. నువ్వు పంపిన ఫోటోలో పెట్టె మీద ఒట్టి 27 అని ఉంది. అది ఏ 27 అని ఆవిడను ఇప్పుడే అడుగు. ఆ రెండో 27 తలుపు ఎవరైనా తట్టి చూశారా?