డిస్కు మార్చినా విండోస్ పోకూడదంటే

ప్రశ్న: మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లోని 500 జీబీ హార్డ్ డిస్కు బాగా నెమ్మదించింది. విండోస్‌ను మళ్లీ ఎక్కించకుండానే ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్కు కంటే వేగంగా పనిచేసే డిస్కు) వేసుకోవచ్చునా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: తప్పకుండా వేసుకోవచ్చునండీ. అయితే విండోస్‌ను మొదలుపెట్టే బూట్ సమాచారం సాధారణంగా కంటికి కనిపించని వేరే విభాగంలో ఉంటుంది కనుక, సి డ్రైవ్‌లోని ఫైళ్లను కాపీ చేసినంత మాత్రాన పని జరగదు; డిస్కు మొత్తాన్నీ క్లోన్ చేయాలి, అంటే ఉన్నదున్నట్టుగా నకలు తీయాలి. కొత్త ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ–సాటా కేబుల్‌తో (డిస్కును యూఎస్‌బీ పోర్టుకు కలిపే తీగ) తగిలించి, ఉచితంగా లభించే క్లోన్‌జిల్లా అనే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడపండి.

బరంపురంలో కొన్నా, శ్రీకాకుళంలో కొన్నా 480 జీబీది మాత్రం తీసుకోకండి. తేడా స్వల్పమే అనిపించినా, కొత్త డిస్కు పాతదానికంటే చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలుగా అంగీకరించదు. 500 జీబీ లేదా అంతకు మించినది కొనండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏది పాత డిస్కో ఏది కొత్తదో తెరమీద పేరునూ పరిమాణాన్నీ చూసి నిర్ధారించుకోవడం, ఎందుకంటే అవి తారుమారైతే మీ సమాచారమంతా చెరిగిపోతుంది. అందుకే పాప ఫొటోలు, చదువు ఫైళ్లు ముందుగా మరోచోట దాచండి. డిస్కుకు తాళం వేసే విండోస్ రక్షణ సదుపాయం బిట్‌లాకర్ ఉంటే దాన్ని పూర్తిగా తొలగించి, ఛార్జర్ తగిలించే ఉంచి మొదలుపెట్టండి. విండోస్ వాడుకునే అనుమతి అయిన డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది కనుక డిస్కు మార్చినంత మాత్రాన విండోస్ యాక్టివేషన్ సాధారణంగా పోదు. కొత్త డిస్కుతో కొన్నాళ్లు సవ్యంగా నడిచేవరకు పాతదాన్ని చెరపకండి.